ఐదున్నరకే పొద్దుగూకే చోట

మే నెల నడుమ అండమాన్‌లోని లంబాలైన్‌లో సాయంత్రం ఐదున్నర దాటిందంటే పొద్దుగూకినట్టే. అదే రోజు శ్రీకాకుళంలో సూర్యుడు దాదాపు ఇంకో ముప్పావు గంట కనిపిస్తూనే ఉంటాడు. రెండుచోట్లా గడియారం ఒకటే. కానీ దేశమంతటికీ కాలం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశానికి అండమాన్ పది డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి అక్కడ తెల్లవారడమూ ముందే, చీకటి పడడమూ ముందే. పని చేసుకుని ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి దీపాలు వెలుగుతాయి. పడుకోవడానికి ఇంకా నాలుగు గంటలుంటుంది. ఆ నాలుగు గంటల గురించే నేను చెప్పదలచుకున్నది. దక్షిణ అండమాన్ తెలుగువాళ్ళ పాట, కథ, మేళం బతకాలంటే అవార్డులూ రికార్డింగులూ చాలవు. వాటికి ఏడాదిలో ఒక రుతువు, రోజులో ఒక వేళ, ఆడేవాళ్ళకూ పాడేవాళ్ళకూ ముందే మాట్లాడుకున్న డబ్బు కావాలి. రుతువునీ వేళనీ ఆ దీవి ఊరికే ఇస్తోంది. డబ్బు మాత్రం మనుషులే పెట్టాలి, ఇప్పటిదాకా ఆ మాట గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ.

శ్రీవిజయపురం అని 2024 సెప్టెంబరులో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కి లంబాలైన్ ఒక అంచు. విమానాశ్రయం అక్కడే. గవ్వ ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్‌ని 2023 జులై 18న ప్రధాని ప్రారంభించారు. దాదాపు 710 కోట్ల రూపాయల ఖర్చు, ఏడాదికి 50 లక్షలమందిని సాగనంపగల సామర్థ్యం. ఆ గేటు దాటి బయటికొచ్చిన యాత్రికుణ్ణి వాహనాలు వండూరుకో, చిడియాటాపుకో తీసుకెళ్ళి పొద్దుగూకడం చూపించి, తిరిగి ఊళ్ళోకి తెస్తాయి. ఆ తర్వాత అతనికి మిగిలేది సెల్యులార్ జైలులో ధ్వని, కాంతి ప్రదర్శన. జైలు ఆవరణలోని రావిచెట్టు నోట చరిత్ర చెప్పించే ఆ ప్రదర్శన చూడదగిందే, చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎందరో. అయినా అది రికార్డు చేసిన గొంతు. రాత్రి ఎవరు కూర్చున్నా, ఎవరూ కూర్చోకపోయినా అదే మాట అదే చోట పలుకుతుంది. ఇక స్థానికుడి సాయంత్రానికి ఆ పాటి ఏర్పాటు కూడా లేదు. గారచర్మ, ప్రోత్రాపూర్, సిప్పీఘాట్, చౌల్దారీ వైపు వెళ్ళేకొద్దీ పోక తోటలూ కొబ్బరి తోటలూ మొదలవుతాయి, ఇళ్ళు పలచబడతాయి, ఆరు గంటలకల్లా బయట చీకటి, లోపల టీవీ. పల్లెకు పట్నం ఇంత దగ్గరగా, సాయంత్రం ఇంత పొడుగ్గా ఉన్న చోటు తెలుగువాళ్ళు స్థిరపడ్డ ప్రాంతాల్లో మరొకటి ఉందని నేననుకోను. ఆ వేళ ఇంత ఖాళీగా పోతున్న చోటు కూడా మరొకటి లేదు.

అక్కడ తెలుగువాళ్ళు తక్కువేం కాదు. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ జనాభా 3.8 లక్షలు, అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అంటే దాదాపు 50 వేలమంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మన భాషే. తెల్లవాడి కాలంలో తెలుగువాళ్ళలో కొందరు శిక్షపడి వెళ్ళారు. 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడ్డ గిరిజనులు వాళ్ళలో ఉన్నారు, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఉన్నారు. అయితే ఇవాళ్టి తెలుగు కుటుంబాల్లో ఎక్కువభాగం స్వాతంత్ర్యం తర్వాత బతుకుతెరువు కోసం ఓడెక్కినవాళ్ళవే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వేటకీ, కూలికీ, కట్టడం పనికీ వెళ్ళారు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ఇవాళ్టికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. వలతో పాటు వాళ్ళు పాటనీ తీసుకెళ్ళారు. తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగవతం పుట్టి పెరిగిన నేల వాళ్ళది. కానీ పాటని తీసుకెళ్ళినవాళ్ళు సందర్భాన్ని తీసుకెళ్ళలేకపోయారు. గంగమ్మ పండగ ఊళ్ళో ఉండిపోయింది, తీర్థం ఊళ్ళో ఉండిపోయింది. తాత గొంతులో కథ ఉంది, చెప్పించుకునే రాత్రి లేదు. వలసపోయిన జాతుల కళలు చాలావరకు ఇలాగే పోతాయి. మరుపు తర్వాత సంగతి. ముందు వాటిని అడిగే వేళ పోతుంది.

ఆ వేళ మన దగ్గర ఎప్పుడు వచ్చేదో గుర్తుచేసుకుంటే నా వాదనకి మొదటి ఆధారం దొరుకుతుంది. సంక్రాంతికి పంట ఇంటికొస్తుంది, ఏరువాక పున్నమి దాకా నాగలికి పనుండదు. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. రైతుకీ, కూలీకీ, బెస్తకీ ఒకేసారి తీరిక దొరికే కాలం వేసవి. చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ ఆ మొదటి నెలల్లోనే. అందుకే అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యతో మొదలై నెలరోజులు నడుస్తుంది. అందుకే చిత్తూరు జిల్లా ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం పెడతారు: పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, చివరిరోజు ఆరుబయట మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ దగ్గర కథకి ముగింపు. పద్దెనిమిది రోజులంటే పద్దెనిమిది రాత్రుల కూలి. ఒక ఊళ్ళో అయ్యాక మరో ఊరు పిలుస్తుంది. మేళగాడు ముందుగా బయానా తీసుకుని ఒప్పుకుంటాడు, ఆ సొమ్ముతో వేషాలు కుట్టించుకుంటాడు, అప్పు తీర్చుకుంటాడు. కథ మధ్యలో చదివింపులు వస్తాయి. ఫలానా వారి అబ్బాయి ఫలానా ఆయన ఇంత ఇచ్చారని కథకుడు పేరు చదివితే ఆ ఇంటి పరువు ఊరంతా వింటుంది. భక్తి ఉంది, వినోదం ఉంది, వాటి అడుగున ఒక లెక్క ఉంది. జానపద కళలు వందల ఏళ్ళు నిలిచింది కేవలం ప్రేమ మీద అని మనం తరచుగా రాసుకుంటాం. అవి నిలిచింది ఆ లెక్క మీద. ఏటా ఫలానా నెలలో పని దొరుకుతుందన్న నమ్మకమే తండ్రి చేత కొడుక్కి నేర్పించింది.

అండమాన్‌లో ఆ కాలాన్ని వాతావరణమే గిరిగీసి చూపిస్తుంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన కురిసే దీవులవి. నైరుతి రుతుపవనం దేశంలో ముందుగా తాకేది అక్కడే, సాధారణంగా మే 22 ప్రాంతంలో. ఆ తర్వాత నెలల తరబడి ముసురే. ఫిబ్రవరి నుంచి మే రెండో వారం దాకానే ఆకాశం నమ్మదగ్గదిగా ఉంటుంది. ఈ సంగతి తోలువాద్యం పట్టేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలిలో తేమ పెరిగితే తోలు సాగుతుంది, సాగిన తోలు బొదబొదమంటుంది, ఎంత కొట్టినా ఆ దెబ్బ పక్కవీధికి పోదు. అందుకే మేళం మొదలుకాకముందు ఎండుగడ్డో కొబ్బరి మట్టలో మండించి వాద్యాన్ని సెగకి చూపిస్తారు. అరచేత్తో పట్టుకుని, తోలు వైపు మంటకి తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా కదుపుతూ, మధ్యమధ్య వేలితో తట్టి వింటారు. అంచు దగ్గరా నడిమధ్యా పలుకు కుదిరాక గానీ మెడకి తగిలించుకోరు. సెగ ఎక్కువైతే తోలు చిట్లుతుంది, తక్కువైతే అరగంటకే మళ్ళీ జారుతుంది. వేసవి సాయంత్రం ఒకసారి కాచినది ఆట సగం దాకా నిలుస్తుంది. వానాకాలంలో పాటకొకసారి కాచుకోవాలి. ప్లాస్టిక్ ఫైబర్ మూత వేసుకుంటే ఈ బాధ లేదు కదా అంటారు. వేసుకోవచ్చు, మన ఊళ్ళలో చాలామంది వేసుకుంటున్నారు కూడా. కానీ తోలు అడుగున ఉండే గుమ్మైన నాదం అందులో ఉండదని వాయించేవాళ్ళే చెబుతారు. వాద్యం తన నోటితో తానే రుతువు అడుగుతున్నప్పుడు మనం పండగని వానల్లో పెట్టుకోవడమెందుకు?

ఇక వేళ సంగతి. ప్రధాన భూమిమీద రాత్రి ప్రదర్శనలకి ఇప్పుడు పెద్ద అడ్డు చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. ప్రభుత్వం కావాలంటే ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా వెసులుబాటు ఇవ్వొచ్చు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఆ కట్టడిని గట్టిగా సమర్థించింది. రోగులకీ, పసిపిల్లలకీ, చదువుకునే పిల్లలకీ నిద్ర కావాలి, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. దానివల్ల తెల్లవార్లూ సాగే భాగవతాలకి దెబ్బ తగిలిన మాటా నిజమే. మే నెలలో శ్రీకాకుళం జిల్లాలో ఆరుంపావు దాటాక గానీ పొద్దు కుంకదు, జనం అన్నాలు తిని చేరేసరికి తొమ్మిది, గంట గడిచేసరికి పోలీసు వచ్చి నిలబడతాడు. లంబాలైన్‌లో ఆ ఇరుకు లేదు. ఐదున్నరకి పొద్దు వాలితే ఆరున్నరకి మేళం మొదలుపెట్టొచ్చు, తొమ్మిదింటికి ముగించొచ్చు, రెండున్నర గంటల నిండు కథ చెప్పొచ్చు, ఒక్క నియమాన్నీ మీరనక్కర్లేదు. పొద్దున్న ఐదింటికే తెల్లవారే చోట జనం త్వరగా పడుకుంటారు. వాళ్ళ నిద్రకీ భంగం లేదు. తూర్పు రాష్ట్రాలకి వేరే గడియారం కావాలని ఏళ్ళుగా చర్చ నడుస్తోంది, ముందే పడే చీకటిని అందరూ నష్టంగానే లెక్కేస్తున్నారు. కరెంటు ఖర్చు మాటకొస్తే అది నష్టమే. కళ మాటకొస్తే లాభం.

రుతువు అనేది ప్రకృతి ఇచ్చినా, దాన్ని పండగ కాలంగా చేసేది మనుషులే అనడానికి దాఖలాలున్నాయి. మద్రాసు డిసెంబరు కచేరీల కాలం అనాదిగా వస్తున్నదేం కాదు. 1927 డిసెంబరులో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతో పాటు సంగీత సదస్సు పెట్టారు, దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వచ్చింది, ఆ నెలే కర్ణాటక సంగీతానికి కాపురమైంది. ఇవాళ ఎక్కడెక్కడి గాయకులూ ఆ నెలని చూసుకునే ఏడాదిని సర్దుకుంటారు. కేరళలో త్రిశూరు పూరం ఉత్సవాన్ని 18వ శతాబ్దం చివర్లో కొచ్చి రాజు శక్తన్ తంపురాన్ రూపుదిద్దాడు. ఏప్రిల్, మే ఎండల్లో రెండు వందలకు పైగా చెండ, తాళం, కొమ్ము కళాకారులు ఒకేచోట నిలబడి గంటల తరబడి మేళం నడుపుతారు, మైకు ప్రసక్తే లేదు. చిన్న గుళ్ళలో పూరం, వేల అనే ఉత్సవాలు చలికాలంలో మొదలై వానల దాకా సాగుతాయి కాబట్టి చెండ నేర్చినవాడికి ఆరు నెలల పని ఖాయం. అందుకే చెండ నేర్చుకునే పిల్లలకి అక్కడ కొదవ లేదు. 1921 మాప్పిళ్ళ తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి శిక్షపడి వచ్చినవాళ్ళు దక్షిణ అండమాన్‌లో తమ పల్లెలకి కాలికట్, మంజేరి, తిరూర్ అని పేర్లు పెట్టుకున్నారు. ఊరి పేరునే మోసుకొచ్చినవాళ్ళున్న నేలమీద ఒక పండగ కాలాన్ని నాటుకోవడం పెద్ద పనేం కాదు.

ఈ ఆలోచనకి ఎదురొచ్చే మాటల్లో మొదటిది అందరికీ తెలిసిందే. పిల్లలు ఫోను వదలరు, సినిమా పాట, డీజే తప్ప ఏదీ వినరు, ఖాళీ కుర్చీల ముందు కథ చెప్పించి కళాకారుణ్ణి అవమానించడమెందుకు అంటారు. కుర్చీలు ఖాళీగా ఉండే ప్రమాదం ఉన్నమాట నిజం. అయితే ఫోనులో దొరికేదానికీ, ఎదురుగా జరిగేదానికీ పోటీ పెట్టడమే పొరపాటు. జముకు చూడండి. కుంచం లాంటి పాత్రకి ఒక పక్క తోలు బిగించి, తోలు నడుమ నుంచి తీగ లాగుతారు. పాత్రని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగ కొస పట్టి బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే నాదం పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. ఒక్క తీగమీదే ఏడుపు పలుకుతుంది, వెక్కిరింత పలుకుతుంది. ఎల్లమ్మ కథలో తల్లి కష్టం దగ్గర ముందు వరసలో ముసలమ్మ కొంగు కళ్ళకద్దుకుంటే కథకుడు అక్కడే ఇంకో నాలుగు చరణాలు ఆగుతాడు. పిల్లలు ఆవులిస్తే వంతవాడు హాస్యం ఎత్తుకుంటాడు. విన్నవాళ్ళని బట్టి కథ ఆ రాత్రికారాత్రి మారుతుంది. ఫోనుకి మన ముఖం తెలియదు. తన ముఖం చూసి పాట మార్చేవాణ్ణి ఒక్కసారి ఎదురుగా చూసిన పిల్లవాడు దాన్ని ఫోనుతో పోల్చడు. పైగా వింటూ కూర్చునే పని ఒక్కటే పిల్లలకి అప్పగిస్తే రారు. కోలాటం కర్ర చేతికిచ్చి, కాలికి గజ్జె కట్టి, బృందంలో నిలబెడితే వస్తారు, వాళ్ళ వెనక తల్లిదండ్రులు వస్తారు, వాళ్ళ వెనక అమ్మమ్మలు వస్తారు. దీవుల్లో తెలుగు మాధ్యమం బడులున్నాయి. పాఠ్యపుస్తకంలో జానపదం పాఠంగా చదివే పిల్లలకి దాన్ని ఆడి చూసే సాయంత్రం ఇవ్వకపోతే ఆ పాఠం పరీక్షతోనే పోతుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని తేలిగ్గా దాటడం అన్యాయం. ఈ కళల్లో చాలావాటికి కులం అంటుకుని ఉంది. తప్పెటగుళ్ళు యాదవులవి, డప్పు మాదిగలదీ మాలలదీ, ఆసాదులూ పంబలవాళ్ళూ వేరు. డప్పు కొట్టడం ఒకప్పుడు కళగా అడిగింది కాదు, వెట్టిగా చేయించింది. ఊరి చావుకి, ఊరి చాటింపుకి, పిడికెడు గింజలకి కొట్టించారు. ఆ బాధ నుంచి బయటపడడానికే కొందరు సముద్రం దాటారు. అలాంటి ఇంటి బిడ్డతో మళ్ళీ డప్పు పట్టించడం సంస్కృతి పేరుతో పాత కాడి మోయించడమే కదా అని అడిగితే, నిజాయితీ ఉన్న ఏ జవాబైనా డబ్బుతోనూ మర్యాదతోనూ మొదలవ్వాలి. పిలిచేటప్పుడే రాతపూర్వకంగా పారితోషికం ఒప్పుకోవాలి, ఆటకి ముందే సగం ఇవ్వాలి, వేదికమీద మిగతా అతిథులతో సమానంగా కూర్చోబెట్టాలి, భోజనం పంక్తి ఒక్కటే కావాలి. వద్దన్నవాణ్ణి బతిమాలకూడదు. నేర్చుకోవాలన్న ఏ కులం పిల్లకైనా నేర్పాలి. ఖైదీలూ శరణార్థులూ కూలీలూ కలిసి కట్టుకున్న అండమాన్ సమాజంలో కులాల పట్టు ప్రధాన భూమిమీద ఉన్నంత బిగువుగా ఉండదని అందరూ ఒప్పుకునే మాటే. బెస్త పిల్ల జముకు పట్టడం, బెంగాలీ పిల్లవాడు తప్పెట కట్టడం మన ఊళ్ళకంటే అక్కడ తేలిక. తెలంగాణలో కిన్నెర మొగిలయ్యకి 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం వాళ్ళ వాద్యానికీ, వేషానికీ ఎంత మర్యాద తెచ్చిందో చూశాం. కానీ పద్మశ్రీ ఒకరికి వస్తుంది, ఒకసారి వస్తుంది. వేసవికి పది ఆటలు దొరికితే బృందంలో పదిహేనుమందికీ అన్నం దొరుకుతుంది.

అసలు ఇది అక్కడి స్థానిక సంగీతం ఎలా అవుతుంది, స్థానికులంటే జారవా, ఓంగీ, గ్రేట్ అండమానీలు కారా అన్నది మూడో ప్రశ్న. ఆ నేలకి మొదటి మనుషులు వాళ్ళే, అందులో రెండో మాట లేదు. అందుకే ఇక్కడ ఒక గీత స్పష్టంగా గీసుకోవాలి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం వాళ్ళ ప్రాంతాల్లోకి బయటివాళ్ళని రానివ్వదు. 2012 జనవరిలో యాత్రికుల కోసం జారవా స్త్రీలతో డ్యాన్సు చేయించిన వీడియో బయటపడినప్పుడు దేశం తలదించుకుంది. తిండి ఆశచూపి ఆడించడం కళా పోషణ కాదు, హింస. వాళ్ళ పాట వాళ్ళది. అది మన వేదికకి రానక్కర్లేదు, మన కెమెరాకి చిక్కనక్కర్లేదు. నేను మాట్లాడుతున్నది వచ్చి స్థిరపడ్డవాళ్ళ గురించి. 1918 నుంచి అడవి పనికి తెచ్చిన రాంచీ కూలీల పిల్లలున్నారు, వాళ్ళకి మాందర్ అనే డోలు ఉంది. 1925లో బర్మా నుంచి మాయాబందర్ చేరిన కరెన్లున్నారు. 1949 నుంచి వచ్చిన తూర్పు బెంగాల్ శరణార్థుల కీర్తన ఉంది. మూడు తరాలుగా ఆ మట్టిలోనే పుట్టి ఆ మట్టిలోనే కలుస్తున్న శ్రీకాకుళం కుటుంబం పాటని ఇంకా పరాయి పాట అనడం కూడా ఒక రకం అన్యాయమే. అది విశాఖ పాట కానూ కాదు. హిందీలో మాట్లాడుకుంటూ పెరిగి, తెలుగులో పాడేవాళ్ళ పాట అది. మాందర్ పక్కన తప్పెట మోగితే కొన్నేళ్ళకి దరువు మారుతుంది. మారనివ్వాలి. ఊరి నుంచి పాత ముచ్చట తెప్పించుకుని అద్దాల బీరువాలో పెట్టినట్టు పెట్టుకుంటే అది నిజంగానే పరాయిదవుతుంది.

డబ్బెవరు పెట్టాలన్న ప్రశ్నకి జవాబు ఉంది, కాకపోతే దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. తంజావూరు కేంద్రంగా 1986లో పెట్టిన దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు అండమాన్ నికోబార్ కూడా సభ్యురాలే. కోల్‌కతాలోని తూర్పు మండల కేంద్రంలోనూ అండమాన్‌కి సభ్యత్వం ఉంది. అంటే శ్రీకాకుళం తప్పెటగుళ్ళ గురువునీ, లంబాలైన్ పిల్లల్నీ ఒకే గొడుగు కిందికి తేగల సంస్థ ముప్పై ఎనిమిదేళ్ళకు పైగా ఉంది. ఆ కేంద్రాల గురు శిష్య పరంపర పథకం కింద గురువుకి నెలకి 7,500, వాద్య సహకారికి 3,750, ఒక్కో శిష్యుడికి 1,500 రూపాయలు ఇస్తారు. పెద్ద మొత్తం కాదు, ఈ ధరల్లో గురువు బతకడానికి చాలదు కూడా, పెంచి తీరాలి. అయినా మొదలుపెట్టడానికి అది చాలు. ఏటా జరిగే ద్వీప పర్యాటక ఉత్సవానికి ఆడంబరంగా ఖర్చుపెడుతున్న పాలనా యంత్రాంగం అందులో చిన్న వాటాని వేసవి పల్లెలకి మళ్ళించొచ్చు. ఉత్సవం పట్నంలో పెద్ద వేదికమీద, బయటినుంచి తెచ్చిన పేరున్న గాయకులతో జరుగుతుంది. యాత్రికుడికి అది కావాలి కాబోలు. పల్లెకి కావలసింది రెండు బల్బులు, ఒక చాప, కూర్చోవడానికి ఇసుకో గడ్డో. సౌండ్ బాక్సుల గుట్ట వద్దు. రెండు మూడు వందలమంది కూర్చునే చోట జముకుకీ గొంతుకీ చిన్న మైకు ఉంటే ఉండనీ, తప్పెటకి అదీ అక్కర్లేదు. ఏప్రిల్‌కల్లా ధనీఖారీ జలాశయం అడుగంటి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో వేలమందిని ఒక్కచోట చేర్చే జాతర పెట్టమని అడగడం కూడా తగదు. చిన్నవి, ఎక్కువచోట్ల, నడిచి వెళ్ళేంత దూరంలో.

యాత్రికులు రారా అంటే వస్తారు, రానివ్వాలి. కానీ చాప పరిచేది ఊరివాళ్ళ కోసం, టికెట్టు కొన్నవాళ్ళ కోసం కాదు. అతిథి వెనక వరసలో కూర్చుని వినాలి. తన విమానం వేళకి కథ కుదించమనకూడదు. గోవాలోనూ, రాజస్థాన్‌లోనూ హోటల్ భోజనాల మధ్య పాడీపాడీ పాట ఐదు నిమిషాల ముక్కయిపోయింది. ఇక్కడ అలా కాకుండా ఉండాలంటే మొదటి ఏడాది నుంచే ఆ షరతు పెట్టుకోవాలి. రెండున్నర గంటల కథ రెండున్నర గంటలే.

ఫిబ్రవరి మొదటి నుంచి మే రెండో వారం దాకా పదిహేను దాకా శనివారాలు వస్తాయి. గారచర్మలో ఒకటి, సిప్పీఘాట్‌లో ఒకటి, వండూరు దారిలో మరొకటి; ఒక వారం తెలుగు, ఒక వారం రాంచీ, ఒక వారం బెంగాలీ, ఒక వారం మలయాళీ. విశాఖ నుంచి శ్రీవిజయపురానికి ఓడలో వచ్చే కళాకారుల బృందానికి టికెట్టులో రాయితీ ఇవ్వడానికి కొత్త చట్టమేం కావాలి? బృందం జనవరి నెలాఖరుకి దిగితే పిల్లలకి రెండు నెలలు నేర్పి, ఏప్రిల్‌లో వాళ్ళనీ పక్కన నిలబెట్టుకుని ఆడొచ్చు. అయితే ఓడలో చోటు ముందుగా చెప్పుకోవాలి, బయానా అంతకంటే ముందు పంపాలి. ఉత్తరాంధ్రలో వేసవి పండగలకి మేళాలు ఒప్పుకోవడం సంక్రాంతి వెళ్ళగానే మొదలవుతుంది, ఆలస్యంగా అడిగినవాళ్ళకి మంచి బృందం దొరకదు. లంబాలైన్ తెలుగు సంఘాలు ఈ దసరాకే కూర్చుని మాట్లాడుకోవాలి.